యుల్తెనాం బడిలో ఆరో తరగతి తప్పినవాళ్ళు

విద్యాశాఖవాళ్ళు ఏటా అచ్చేసే గణాంకాల పుస్తకంలో మా ఊరికి దక్కేది ఒక్క వరస. ఆ ఏడు అది ఎనభై ఏడో పేజీలో పడింది. యుల్తెనాం, ప్రాథమిక పాఠశాల, ఆరో తరగతి: చేరినవారు పంతొమ్మిది మంది, పాసైనవారు ఇద్దరు, తప్పినవారు పదిహేడు. జిల్లా మొత్తంలో ఇంతకంటే హీనమైన వరస లేదని పుస్తకం చివర నల్లటి అక్షరాలతో విడిగా కూడా రాశారు. పట్నంలో రేడియోవాడు పొద్దుటి వార్తల్లో, మొక్కజొన్న ధరకీ చనిపోయినవాళ్ళ పేర్లకీ మధ్యన, దాన్ని చదివి వినిపించాడు.

మర్నాటి నుంచి బస్సు కండక్టరుకి పండగ. మా మలుపు రాగానే తలుపు పట్టుకు వేలాడుతూ అరిచేవాడు. "ఆరో తరగతి ఊరొచ్చింది! దిగండి, దిగండి. మెట్లు చూసుకోండి, ఆరో మెట్టు దగ్గర పడిపోవడం మీకలవాటు!"

"నీ బస్సుకున్నవి మూడే మెట్లురా నాయనా," అంది ఓ ముసలామె బంగాళాదుంపల మూట దించుకుంటూ. "లెక్క రాకపోతే మా బడికి రా. ఆరేళ్ళు కాదు, నిన్ను అరవయ్యేళ్ళు ఉంచుతాం."

బస్సంతా నవ్వింది. నవ్వనిది వెనక సీట్లో కూర్చున్న దోమింగా సెబాస్తియాన్ ఒక్కతే. ఆ పదిహేడు మందినీ తప్పించింది ఆవిడే.

గణాంకాల పుస్తకాలను నేను కథల పుస్తకాల్లాగే చదువుతాను. వానాకాలంలో దారి తెగిపోయి, చేతిలో చదవడానికి మరొకటి లేని రోజుల్లో అంటుకున్న అలవాటు అది. అంకెలు అబద్ధమాడవు. కాకపోతే కోర్టులో ముదురు సాక్షిలాగా అడిగినదానికే జవాబిచ్చి ఊరుకుంటాయి. ఎంతమంది తప్పారని అడిగారు, పదిహేడన్నాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. నిజానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు, పక్క గడిలోకి చూస్తే చాలు. అయిదో తరగతిలో తప్పినవాడు ఒక్కడూ లేడు. నాలుగులో ఒక్కడు. అంతదాకా చకచకా నడిచొచ్చిన పిల్లలు ఆరులో కాలు పెట్టగానే మూకుమ్మడిగా మొద్దులెలా అయిపోతారు? పుస్తకం అచ్చేసినవాళ్ళకి ఆ అనుమానం రాలేదు. రేడియోవాడికి రావాల్సిన పనే లేదు.

దోమింగా ఈ ఊరి పిల్లే. కుచుమతానెస్ కొండల్లో మా ఊరు మేఘాలకు కాస్త పైన ఉంటుంది. ఆమె పుట్టేనాటికి ఇక్కడ బడి అన్నది లేదు. పన్నెండేళ్ళప్పుడు పట్నంలో సన్యాసినుల వసతిగృహంలో గిన్నెలు తోమే పనికి పోయింది. తోముతూ తోముతూ పక్కగదిలో చెప్పే పాఠాలు వినేది. ఓ ముసలి సన్యాసిని అది కనిపెట్టి, తోమినన్నాళ్ళు తోమించి, చదివినన్నాళ్ళు చదివించింది. పంతులమ్మ పట్టా చేతికొచ్చేసరికి దేశంలో యుద్ధం. ఊరు ఊరంతా సరిహద్దు దాటి మెక్సికోలో గుడారాల పాలైంది. తిరిగొచ్చినవాళ్ళతోపాటే ఆవిడా వచ్చింది. నేసిన పావడా, పూల రవిక మార్చకుండానే నల్లబల్ల ముందు నిలబడ్డ మొదటి పంతులమ్మ మా ప్రాంతానికి ఆవిడే. అందరూ 'సెన్యో' అంటారు. పంతులమ్మని ఇక్కడ అలాగే పిలుస్తాం, పిల్లలైనా వాళ్ళ తాతలైనా.

తిరిగొచ్చిన ఆ ఏడాదే ఊరి పెద్దలు గుడి ముందు కొవ్వొత్తులు వెలిగించి ఒక కట్టుబాటు చేసుకున్నారు. బడిలో వేసిన పిల్లల్ని, బడి పూర్తయ్యేదాకా, ఏ తల్లీ తండ్రీ పనికి పంపకూడదు. కాఫీ తోటలకి గానీ, రాజధానిలో ఇంటిపనికి గానీ. గుడారాల్లో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు చేసుకున్న ఒట్టు కాబట్టి దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. ఈ కథకి ఆ మాటే ఆయువుపట్టు.

మొదటి ఏడు ఒకటో తరగతిలో నలభై ఆరుగురు, ఆరులో ముగ్గురు. దోమింగా ఆ అంకెల్ని సుద్దతో గోడ మీద మెట్లు మెట్లుగా గీసింది. కింద వెడల్పు, పైన సూదిమొన. అచ్చం మా కొండే. "ఈ కొండని నిటారు గోడ చెయ్యాలి," అనేది. అందుకోసం ఆవిడ ఎక్కని గడప లేదు. బడి గురించి ఉపన్యాసం ఇచ్చేది కాదు, ఊట దగ్గర ఆడవాళ్ళ పక్కన కూర్చుని బట్టలుతుకుతూ, "నీ రెండోదానికి కూడికలు ఎంత బాగా వస్తున్నాయే," అని ఊరుకునేది. ఆ తల్లి ఇంటికెళ్ళి మొగుడితో మిగతాది తనే మాట్లాడుకునేది.

ఆవిడ పట్టుదల ఎలాంటిదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. మా దగ్గర పిల్లలకి తాతల పేర్లు పెట్టి తీరాలి. ఇద్దరు తాతలూ మతేయోలైతే అన్నదమ్ములిద్దరూ మతేయోలే. హాజరుపట్టీలో ఒకే పేరు నాలుగుసార్లు కనబడేసరికి పట్నం కార్యాలయంలో గుమాస్తా మూడింటిని కొట్టేశాడు. దోమింగా నలుగురు మతేయోలనీ వెంటబెట్టుకుని వెళ్ళి అతని బల్ల ముందు వరసగా నిలబెట్టింది. "వీళ్ళలో ముగ్గురు లేరట కదా అయ్యా. లేనివాళ్ళెవరో మీరే వేలెట్టి చూపించండి, నేను ఉన్నవాణ్ణి తీసుకుపోతాను." గుమాస్తా నలుగురినీ తిరిగి రాసుకున్నాడు.

పదేళ్ళకి గోడ నిటారుగా లేచింది. ఒకటిలో ముప్ఫై, ఆరులో పదిహేను. అప్పుడే తెలిసొచ్చింది, గోడకి అవతల ఏమీ లేదని. ఏడో తరగతి పట్నంలో ఉంది. అక్కడ గది అద్దెకి తీసుకుని పిల్లని ఉంచగలిగిన ఇల్లు ఊళ్ళో రెండో మూడో. ఆరు పాసైన పిల్ల ఆ జనవరికల్లా రాజధానిలో ఎవరింట్లోనో నేల తుడుస్తూ ఉండేది. పిల్లాడు కాఫీ తోటల్లో. కట్టుబాటు వాళ్ళని ఆపలేదు, బడి పూర్తయింది కదా.

ఇలా ఉండగా ఓ అక్టోబరులో, బడి ఏడాది ముగిసి మార్కులు చెప్పిన మర్నాడు, అంద్రేస్ బసీలియో కోడిని చంకలో పెట్టుకుని బడికొచ్చాడు. గొర్రెలు కాచుకునే మనిషి. మగవాళ్ళని మర్యాదకి మా దగ్గర 'దోన్' అంటాం. అతని కూతురు మికయేలా పన్నెండేళ్ళది.

"సెన్యో, మా మికయేలా పాసయిందటగా?"

"పాసవడమా! బడి మొత్తానికి అదే మొదటిది, దోన్ అంద్రేస్."

అంద్రేస్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "అయితే మా కొంప మునిగింది."

"అదేం మాట?"

"మా అక్క హువానా సంగతి తెలుసుగా. జనవరిలో రాజధాని నుంచొచ్చి దీన్ని తీసుకుపోతుందట, ఏదో ఇల్లు చూసి పెట్టింది. అక్క మాటకి ఎదురు చెప్పలేను. మా అమ్మ పోయాక ఈ ఒళ్ళు పెంచింది ఆవిడే. అయితే బడి పూర్తవలేదంటే మాత్రం ఆవిడ కూడా నోరెత్తదు. కట్టుబాటు కదా." అతను గొంతు తగ్గించాడు. "ఫెయిల్ చెయ్యండి సెన్యో. ఒక్క ఏడాది."

"మంచి మార్కులొచ్చిన పిల్లని ఫెయిల్ చెయ్యమంటావా? ఇంకెవరైనా వింటే నవ్విపోతారు."

"నవ్వనివ్వండి. నవ్వితే పిల్ల ఎక్కడికీ పోదుగా."

దోమింగా మార్కుల పట్టీ తెరిచి మికయేలా వరస చూసింది. చివరికి, "కోడిని తీసుకుపో," అంది. "ఇలాంటి పనికి నేనేమీ పుచ్చుకోను."

అంద్రేస్ కోడిని నేలమీద వదిలాడు. "ఇది ఆ పనికి కాదు సెన్యో. పిల్ల మొదట వచ్చినందుకు."

పట్నానికి పంపిన పట్టీలో మికయేలా తప్పింది. జనవరిలో మేనత్త వచ్చి, విని, పెదవి విరిచి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు అయిదుగురు తల్లిదండ్రులు వచ్చారు. ఆ తరవాతి ఏడు పదిహేడు మంది. ఎవరికీ ఎవరూ చెప్పుకోలేదు, అందరికీ తెలుసు. ఆరో తరగతి వెనక వరసలో కూర్చున్న 'తప్పినవాళ్ళ'కి దోమింగా పట్నం సంతలో కొన్న పాత పుస్తకాలతో ఏడో తరగతి పాఠాలు చెప్పేది. కాగితం మీద మొద్దులు, బల్ల మీద బీజగణితం. ఊరు ఊరంతా ఆ ఏర్పాటుకి లోలోపల మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను, ఎందుకు దాచాలి.

అందులో ఉన్న గొయ్యి మాకు కనబడలేదు. ఏడో తరగతి మా ఊళ్ళోనే పెట్టమని పెద్దలు అర్జీ పెట్టారు. ఏడాది తరవాత జవాబొచ్చింది. మర్యాదగా, ముద్రతో. మీ ఊళ్ళో గడిచిన ఏడు ఆరో తరగతి పాసైనవారు ఇద్దరు. కనీసం పదిహేను మంది లేనిదే ఏడో తరగతి మంజూరు కాదు. ముందు ఆరో తరగతి చదువు బాగుపరుచుకోగలరు.

జవాబుని ఊరి సభలో చదివింది దోమింగానే. చదివి, మడిచి, రవికలో పెట్టుకుంది. పిల్లల్ని నిలబెట్టుకోవడానికి తాము రాసిన అంకే పిల్లలకి పైమెట్టు లేకుండా చేసిందని ఆ సభలో అందరికంటే ముందు అర్థమైంది ఆవిడకి.

రేడియోలో మా వరస చదివింది ఆ తరవాతే. రెండు వారాలకి ఇన్స్పెక్టరు దోన్ ఓవిదియో వచ్చాడు. బురదలో బూట్లు పాడై, ఆయాసంతో, చెడ్డ కోపంగా. ఆరో తరగతిని నిలబెట్టి భిన్నాల లెక్క ఒకటి బల్లమీద రాశాడు. "మూడేళ్ళుగా తప్పుతున్నది ఎవరు?"

మికయేలా లేచింది. అప్పటికి దానికి పదిహేనేళ్ళు. లెక్క చేసింది. ఇంకోటిచ్చాడు, అదీ చేసింది. ఆయన బల్ల తుడిచి, తెలియని రాశితో ఒక సమీకరణం రాశాడు. అది ఆరో తరగతిది కాదు. మికయేలా సుద్ద విరుచుకుని, మూడు వరసల్లో తేల్చి, చేతులు దులుపుకుంది.

దోన్ ఓవిదియో పిల్లలు కూర్చునే చిన్న బెంచీ మీద కూలబడ్డాడు. "పిల్లల్ని బయటికి పంపండి," అన్నాడు.

దోమింగా దేనికీ బొంకలేదు. తలుపు దగ్గర నిలబడ్డ అంద్రేస్ అడ్డం రాబోతే చేత్తోనే వారించింది. అంతా విన్నాక ఇన్స్పెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. పదవీవిరమణకి రెండేళ్ళున్న మనిషి.

"చూడండి సెన్యో. నేనేమీ వినలేదు. ఈ ఏడు సగం మందిని పాస్ చెయ్యండి, పై ఏడు మిగతా సగం. లెక్క మెల్లగా దిగుతుంది. మీ ఉద్యోగం మీకుంటుంది. ఊరి పరువూ దక్కుతుంది."

"సగమంటే ఎవరు సార్?"

"ఎవరో ఒకరు. మీ ఇష్టం."

"నా ఇష్టమే అయితే చెప్పండి, ఈ జనవరికి ఎవర్ని పంపమంటారు పనికి? పేర్లు పట్టీలో ఉన్నాయి."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "పోనీ మీరు నిజం రాసిస్తే ఏమవుతుందో తెలుసా? మార్కులు దిద్దుతారు. పదిహేడు మందీ పాసైనట్టు నమోదవుతారు. ఏడో తరగతి అర్జీకి అర్హత వస్తుంది. అది మాత్రం నిజమే. కానీ తప్పుడు మార్కులేసిన పంతులమ్మని ఎవరూ ఉంచరు. పైగా అర్జీ కదలడానికి ఏడాది, ఏడాదిన్నర. అందాకా ఈ పిల్లలు ఆరులో ఉండరు, ఏడులో ఉండరు. ఏ గడిలో రాయాలి వీళ్ళని?"

"ఏ గడిలోనూ ఉండరు," అంది దోమింగా. "నాకు తెలుసు."

ఆ ఆదివారం సభలో అంద్రేస్ ఆవిడ కాళ్ళమీద పడినంత పని చేశాడు. "రాయకండి సెన్యో. మీరు పోతే బడే ఉండదు. ఏడో తరగతి మన తరంలో రాకపోతే పోయింది."

"మన తరం సంగతి కాదు దోన్ అంద్రేస్. నీ పిల్ల ఇంకెన్నేళ్ళు ఆరులో కూర్చుంటుంది? పెళ్ళయి బిడ్డనెత్తుకొచ్చినా కూర్చోబెట్టమంటావా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దాయనొకడు, గుడారాల రోజులనుంచి ఊరికి పెద్దగా ఉన్నవాడు, కర్రమీద గడ్డం ఆనించి అడిగాడు. "అమ్మాయీ, నీ పట్టా పోతుందటగా. సన్యాసినుల దగ్గర గిన్నెలు తోమి తెచ్చుకున్నావు."

"పోతుంది తాతా."

"మరి?"

"మరి ఇంకేముంది," అంది దోమింగా. అంతకుమించి ఆవిడ ఆ విషయం ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు.

కాగితం తనే రాసింది. "పదిహేడు మంది పాసైన పరీక్షలో వాళ్ళు తప్పారని రాశాను, ఎవరూ నన్ను బలవంతం చేయలేదు." సంతకం. మే నెలలో మార్కులు దిద్దారు. అదే నెలలో ఆవిడని తీసేశారు. ధ్రువపత్రాలు ఒక కొత్త పంతులు చేతికొచ్చాయి, అతను పిల్లల్ని పిలిచి ఒక్కొక్కరికీ పంచాడు. మికయేలా తనది తీసుకోకుండా సరాసరి దోమింగా ఇంటికి వెళ్ళింది.

"ఎవర్నడిగి నన్ను పాస్ చేశారు?"

"నువ్వే పాసయ్యావు మికయేలా. నేను రాశాను, అంతే."

"మూడేళ్ళు రాయలేదుగా! ఇంకో రెండేళ్ళు రాయకపోతే మీ సొమ్మేం పోయేది?"

మికయేలా గుమ్మంలోనే చెంపలు తుడుచుకుని వెళ్ళిపోయింది.

జూన్‌లో మేనత్త హువానా వచ్చింది. అంద్రేస్ చెప్పగలిగినంతా చెప్పాడు. బడి ఇంకా పూర్తవలేదక్కా, ఏడో తరగతి రాబోతోంది, అర్జీ వెళ్ళింది.

"రాబోయే బడి బడి కాదు తమ్ముడూ," అంది హువానా. రాక్షసి కాదావిడ. తను పదకొండేళ్ళకే రాజధానికి పోయి, అక్కణ్ణుంచి పంపిన డబ్బుతోనే ఈ తమ్ముణ్ణి పెంచింది. "పిల్ల పాసయిందని కాగితముంది. కట్టుబాటు నేనూ ఎరుగుదును. పూర్తయ్యేదాకా అన్నారు. పూర్తయింది." పెద్దలు తలలు వంచుకున్నారు. వాళ్ళ ఒట్టులో ఉన్న మాటే అది. మికయేలా మర్నాటి బస్సెక్కింది.

ఏడో తరగతి పంతొమ్మిది నెలలకి వచ్చింది. రేకుల గది, ఒక పంతులు. ఆ పదిహేడు మందిలో అప్పటిదాకా ఊళ్ళో ఆగినవాళ్ళు ఆరుగురు. కొత్తగా పాసైనవాళ్ళు ఎనిమిది మంది కలిశారు. ఆ ఏటి గణాంకాల పుస్తకంలో మా ఊరికి రెండు వరసలు దక్కాయి. మధ్యలో జారిపోయిన పదకొండు మందికి ఏ పుస్తకంలోనూ వరస లేదు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు, ఇక్కడ రాయను. వాళ్ళ బతుకులు వాళ్ళు బతుకుతున్నారు.

దోమింగా పట్నంలో దారం దుకాణంలో పనికి కుదిరింది. ఆ మధ్యనే ఓ రోజు మికయేలా ఊళ్ళో కొట్టుకి ఫోను చేసి కబురు పెట్టింది. రాజధానిలో ఇంటిపనివాళ్ళ కోసం ఆదివారాలు బడి నడుస్తోంది. ఏడులో చేర్చుకుంటారు, ఆరు పాసైన కాగితం కావాలట. కాగితం కొత్త పంతులు బీరువాలోనే పడి ఉంది. అంద్రేస్ తీసుకెళ్ళబోతే దోమింగా పోనివ్వలేదు. "నేనే వెళ్తాను," అంది. తెల్లవారుజాము బస్సెక్కితే ఎనిమిది గంటల ప్రయాణం.

ఎత్తైన ఇనపగేటు. గంట కొడితే మికయేలా ఏప్రనుతో వచ్చింది. నల్లని మోచేతులు సబ్బునురగతో తెల్లగా ఉన్నాయి. సెన్యోని చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"నాన్నొస్తాడనుకున్నాను."

"గొర్రెలకి జబ్బు చేసింది," అని అబద్ధమాడింది దోమింగా. భుజం మీది నేతగుడ్డ మడతలోంచి ప్లాస్టిక్ సంచీ తీసి, అందులోంచి కాగితం తీసి గేటు ఊచల మధ్య నుంచి అందించింది. మికయేలా చేతులు ఏప్రనుకి రెండుసార్లు తుడుచుకుని అందుకుంది. నిలబడే చదివింది, పై నుంచి కింది ముద్రదాకా.

"ఆదివారం సెలవిస్తారా ఈ ఇంటి అమ్మగారు?"

"భోజనాలయ్యాక. ఆరింటికల్లా రావాలి." కాగితం మీంచి తల ఎత్తకుండా అంది, "నేనప్పుడు చాలా మాటలన్నాను."

"అన్నావు."

"ఇప్పుడు కూడా అంటాను సెన్యో. కోపం పోలేదు."

"పోనక్కర్లేదులే."

"దుకాణంలో ఉన్నారటగా. దారాలు కొనొచ్చినవాళ్ళని ఎక్కాలడుగుతున్నారా?"

"అడక్కుండా ఎలా ఉంటాను? మొన్నొకావిడ పారిపోయింది, రంగు మార్చుకోవడానికొచ్చి."

మికయేలా నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంట్లోంచి ఎవరో పేరెట్టి కేకేశారు. ఆ పిల్ల కాగితం మడవకుండా రవిక లోపల, గుండె మీద పరిచి పెట్టుకుని, పైన ఏప్రను సవరించుకుంది. "తిన్నారా?" అంది. దోమింగా తిన్నానంది. రెండో కేక వినబడింది. మికయేలా లోపలికి పరిగెత్తి, రెండు మొక్కజొన్న రొట్టెల మధ్య చిక్కుడుగింజల ముద్ద పెట్టి, కాగితంలో చుట్టి తెచ్చి, ఊచల్లోంచి సెన్యో చేతిలో కుక్కి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

దోమింగా వాటిని బస్సులో, రాజధాని దాటి కొండెక్కాక తింది.